లెక్కల బల్ల యొద్ద ఒక విశ్వాసి

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సహోదరి ఒకామె మా యొద్దకు వచ్చి నిలువబడ్డారు. ఆమె భర్త ప్రభువునందు నిద్రించి మూడేళ్లయింది. కుట్టుమిషను మీదనే ఇల్లు నెట్టుకొస్తున్నారు. "అయ్యగారూ, మా వాడు డిగ్రీ పాసయ్యాడు. యూనివర్సిటీలో అప్లయిడ్ మ్యాథమెటిక్స్ చదువుతానని ఒకటే పట్టు. ఇంజనీరంటే తెలుసు, డాక్టరంటే తెలుసు. ఈ లెక్కలాయన పొద్దున్నే లేచి ఏం చేస్తాడండీ? దేవునికేం పనికొస్తాడు, నాకేం పనికొస్తాడు?" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. బడిలో ఉన్న దినములలో లెక్కలంటే మాకు భయమే. వేదాంత కళాశాలలో లెక్కలు లేనందుకు సంతోషించిన వారలము మేము. "వచ్చే ఆదివారము చెబుతామమ్మా" అని ప్రార్థించి పంపాము. ఆ వారమంతా వెదకి చదువగా మాకు దొరికిన మనిషి సర్ జార్జి గేబ్రియల్ స్టోక్స్. ఆ తల్లికి చెప్పిన సంగతులే ఈ నెల మన పత్రిక చదువరులకును చెప్పుచున్నాము.

స్టోక్స్ 1819 ఆగస్టు 13న ఐర్లండు దేశములో స్లైగో జిల్లా, స్క్రీన్ అను పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి సంఘ కాపరి. పిల్లలందరిలోను ఈయనే కడసారివాడు. అన్నలు దైవసేవలో ప్రవేశించారు. లాటిను తండ్రి నేర్పారు, లెక్కలు దేవాలయపు గుమాస్తా నేర్పాడు. 1834లో తండ్రి చనిపోయారు. అప్పటికి పిల్లవానికి సుమారు పదిహేనేళ్లే. (ఈ మాట చెప్పినప్పుడు ఆ సహోదరి తన కుమారుని వైపు చూశారు.) 1837లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో పెంబ్రోక్ కాలేజీలో చేరి, 1841లో గణితములో అందరికంటె మొదటివాడుగా నిలిచారు. మన తెలుగు క్రైస్తవులకు ఆ సంవత్సరము మరియొక విధముగా జ్ఞాపకము: అదే కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ దొరగారు 1841లోనే మచిలీపట్నము వచ్చి దిగారు. ఒకరు ఓడ ఎక్కి మన తీరమునకు వచ్చారు, ఒకరు బల్ల యొద్దనే కూర్చుండిపోయారు. ఇద్దరినీ పిలిచినవాడు ఒక్కడే అని మేము నమ్ముతాము.

1849లో ఆయనకు లూకేసియన్ ప్రొఫెసరు పదవి ఇచ్చారు. ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న పీఠమది. స్టోక్స్ దానిలో 1903లో చనిపోవు వరకు, అనగా 53 ఏండ్లకు పైగా ఉన్నారు. ఇంత గొప్ప పీఠానికి జీతము మాత్రము సంవత్సరానికి 155 పౌనులే. అందువలన కొన్నేండ్లు లండనులోని ప్రభుత్వ గనుల పాఠశాలలో కూడ పాఠాలు చెప్పవలసి వచ్చింది.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న: అటువంటి మనిషి దినమంతా ఏమి చేస్తాడు?

మొదటిది, పాఠము. నీటి ఒత్తిడి గురించి, వెలుతురు గురించి ఆయన ఏటేటా పాఠాలు చెప్పేవారు. నోటితో చెప్పి ఊరుకొనక, కిటికీ చీలికలోనుండి ఎండను లోపలికి రానిచ్చి, గాజు పట్టకములు పెట్టి విద్యార్థుల కన్నుల యెదుట చేసి చూపేవారు. మలేరియాకు మన పెద్దలు మ్రింగిన చేదు క్వినైను జ్ఞాపకమున్నదా? ఆ మందు కలిపిన నీళ్ల మీద, కంటికి కనబడని కిరణము పడితే నీలి వెలుగు వస్తుంది. ఆ సంగతిని శోధించి 1852లో దానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టినవారు ఈయనే. లెక్కల ప్రొఫెసరుకు మందు సీసాతో ఏమి పని అని మాకు మొదట తోచింది. అయితే అనువర్తిత గణితమంటే అదేనట. లోకములో జరిగే ఒక సంగతిని చూచి, దానిని లెక్కగా మార్చి, ఆ లెక్క తేల్చి, తేలిన జవాబు లోకముతో సరిపోయిందో లేదో మరల చూచుకొనుట. సరిపోకపోతే మొదటికి రావలెను. ఎక్కువ దినములు మొదటికి వచ్చే దినములే.

రెండవది, ఒంటరిగా కూర్చుని కుస్తీ పట్టుట. ఇంద్రధనుస్సు లోపలి అంచున ఒక్కొక్కప్పుడు సన్నని చారలు కనబడతాయి. వాటి స్థానమును చెప్పు లెక్క ఒకటి ఎయిరీ అను ఖగోళ పండితుడు కట్టాడు గాని, దానితో ఒకటి రెండు చారలకు మించి పోవడము బహు కష్టమాయెను. స్టోక్స్ వేరొక దారి కనిపెట్టి 1850లో యాభై చారల వరకు లెక్క తేల్చారు. అయితే ఆ దారిలో ఒక చిక్కు మిగిలిపోయింది. 1857 మార్చిలో, పెండ్లి కుదిరిన దినములలో, తెల్లవారుజామున మూడు గంటల వరకు దానితో పోరాడి జయించారు. ఆ సంగతి కాబోయే భార్య మేరీకి ఉత్తరములో వ్రాస్తూ, పెండ్లయిన తరువాత ఇట్టి పని నీవు చేయనియ్యవులే అన్న భావముతో వేళాకోళమాడారు. నోవహుకు దేవుడు చూపిన ఆ విల్లును మనము ఎన్నిసార్లు ప్రసంగించలేదు! దాని అంచు చారల కొరకు నిద్ర మానుకొన్నవాడొకడు ఉన్నాడని మాకు ఇప్పుడే తెలిసింది.

ఆ పెండ్లికి ఆయన వెల చెల్లించారు. ఆ కాలములో కాలేజీ ఫెలోలు బ్రహ్మచారులుగా ఉండవలెనని నియమము. 1857 జూలైలో వివాహము కాగానే ఫెలో పదవి పోయింది. నియమము మారి అది తిరిగి దొరకుటకు సుమారు 12 ఏండ్లు పట్టింది. వారికి ఐదుగురు పిల్లలు పుట్టగా ఇద్దరు ఆడపిల్లలు పసితనములోనే పోయారు.

మూడవది, వంతెనలు. ఇక్కడ మేము కొంచెము ఆగి చెప్పవలెను, ఎందుకంటే ఆ తల్లి ప్రశ్నకు గట్టి జవాబు ఇక్కడే ఉన్నది. 1847 మే 24న ఇంగ్లండులో చెస్టరు పట్టణము దగ్గర డీ నది మీద రైలు వంతెన విరిగి ఐదుగురు చనిపోయారు. దానిని కట్టినవాడు అనామకుడు కాడు, రాబర్ట్ స్టీఫెన్‌సన్ అంతటి ఇంజనీరు. పోత ఇనుప దూలములు కదలని బరువును మోయగలవు. మరి పరుగెత్తే బరువును? ప్రభుత్వము విచారణ సంఘమును వేసింది. కేంబ్రిడ్జిలోనే ప్రొఫెసరుగా ఉన్న పాదిరి రాబర్ట్ విల్లిస్ ప్రయోగాలు చేసి, పరుగెత్తే బండి క్రింద దూలము నిలిచియున్న బరువుకంటె ఎక్కువగా వంగుచున్నదని చూపారు. ఆ వంగుడు ఎంతో చెప్పే సమీకరణము మాత్రము ఆయనకు కొరుకుడు పడలేదు. స్నేహితుడైన స్టోక్స్‌కు ఇచ్చారు. దూలము సొంత బరువును విడిచిపెడితే జవాబు ఎట్లుండునో 1849లో స్టోక్స్ తేల్చి ఇచ్చారు. మనము రైలులో గోదావరి దాటునప్పుడు కిటికీలోనుండి నాణెములు విసిరేవారిని చూస్తాము గాని, క్రింద దూలము ఎంత వంగునో ముందే లెక్క కట్టినవారిని తలచుకోము.

ముప్పై ఏండ్ల తరువాత, 1879 డిసెంబరు 28న, స్కాట్లండులో టే నది వంతెన తుపాను గాలికి కూలి, రైలుతో సహా సుమారు 75 మంది నీటిపాలయ్యారు. వంతెన మీద గాలి ఎంత బలముగా కొట్టునో లెక్కించుటకు వేసిన సంఘములో స్టోక్స్ కూడ ఉన్నారు. చదరపు అడుగుకు 56 పౌనుల ఒత్తిడిని తట్టుకొనునట్లు కట్టవలెనని వారు 1881లో సిఫారసు చేశారు. అంతకు ముందు, కట్టబోయే ఫోర్త్ వంతెన విషయములో 10 పౌనులు చాలునని చెప్పినవాడు ఇందాక మేము పేర్కొన్న ఎయిరీ పండితుడే! పెద్దల మాట కూడ లెక్క వేసి చూడవలెను కాబోలు.

నాలుగవది, ఇతరుల కాగితములు. 1854 నుండి 1885 వరకు, 31 ఏండ్లు, ఆయన రాయల్ సొసైటీ కార్యదర్శి. దేశమంతటనుండి శాస్త్రజ్ఞులు పంపు వ్రాతలు చదువుట, తప్పులు దిద్దుట, కుదరదన్నవారికి నొప్పి కలుగకుండ ఎందుకు కుదరదో వ్రాయుట ఆయన పని. వేలకొద్దీ ఉత్తరములు. చేతివ్రాత ఎవరికీ అర్థము కాక చివరి దినములలో టైపు మిషను కొనుక్కున్నారు. ఇంత మేధావి సొంత పరిశోధన విడిచి ఇతరుల కాగితములతో కాలము గడుపుచున్నాడని స్నేహితులు బాధపడ్డారు, అచ్చులో వ్రాశారు కూడ. మేమును ఈ విషయములో తేల్చుకోలేకపోయాము. తలాంతును భూమిలో దాచిపెట్టుట వేరు, ఇతరుల పొలములో విత్తుట వేరు అని ఒక మనస్సు అంటుంది. ఇంకొన్ని సమీకరణములు ఆయన చేతిలోనే మిగిలిపోయాయేమో అని ఇంకొక మనస్సు అంటుంది.

గొప్ప కోరని మనిషి. సూర్యకాంతిలోని నల్లని గీతలకు కారణము తనకు ముందుగా తోచినదని మిత్రుడు విలియం థామ్సన్ పదిమందిలో చెప్పగా, ఆ ఘనత తనది కాదని ఆయనే త్రోసివేశారు. స్టోక్స్ సిద్ధాంతమని కాలేజీలలో చెప్పేది నిజానికి 1850లో ఆ థామ్సనే ఉత్తరములో వ్రాసి పంపినది. స్టోక్స్ దానిని 1854లో పరీక్ష ప్రశ్నగా ఇచ్చారు. ఆ పరీక్ష వ్రాసినవారిలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒకడు. ప్రశ్న అడిగినవాని పేరు నిలిచిపోయింది!

విశ్వాస విషయములో ఆయన దాగియుండలేదు. 1886 నుండి మరణము వరకు, శాస్త్రమును లేఖనమును కలిపి ఆలోచించు విక్టోరియా ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షులు. నిత్య నరకమును గూర్చి మాత్రము ఆయన అభిప్రాయము మన సంఘము బోధించేది కాదు. క్రీస్తునందు లేనివారికి అమరత్వమే లేదని ఆయన తలంచారు. ఈ సంగతి దాచి ఆయనను పొగడుట మాకు న్యాయముగా తోచలేదు.

ఇంతకును మనకేమి? 1845లో ఆయన, నీరు గాలి మొదలగునవి తమలో తాము రాచుకొనుచు ఎట్లు ప్రవహించునో చెప్పు సమీకరణములను కట్టారు. ఫ్రెంచి ఇంజనీరు నావియే అంతకు ముందే వేరొక దారిలో వాటిని చేరినందున ఇద్దరి పేర్లతో పిలుస్తారు. 1851లో అచ్చయిన మరియొక లెక్కతో, మేఘములు ఎందుకు మీద పడవో కూడ తెలిసింది. మిల్లీమీటరులో నూరవ వంతు వ్యాసార్ధము గల నీటి చుక్క సెకనుకు సెంటీమీటరుకు కాస్త పైగా మాత్రమే దిగుతుంది. ఒక కిలోమీటరు దిగుటకు దాదాపు ఒక దినము పట్టును! ఈనాడు తుపాను ఎటు పోవునో చెప్పు కంప్యూటర్లలో తిరిగేది ఆ ప్రవాహ సమీకరణముల కుటుంబమే. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని తీసుకొనిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నము మీదికి వచ్చునని ముందే తెలిసినందున లక్షలమందిని తీరమునుండి తరలించగలిగారు. ఆ రాత్రి బల్లల యొద్ద కూర్చున్నవారి పేర్లు మనకు తెలియవు.

ఈ సంగతులన్నీ మరుసటి ఆదివారము, మందిరము మెట్ల మీద కూర్చుండి ఆ తల్లీకొడుకులకు చెప్పాము. అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు గాని దూలము లెక్క దగ్గర మాత్రము మా చేతిలోని కాగితము తీసుకొని మరల మరల చూశాడు. తల్లి అంతా విని, "ఆ దొరగారి జీతము ఎంతన్నారు అయ్యగారూ?" అని అడిగారు.

"సంవత్సరానికి 155 పౌనులమ్మా. వేరే చోట కూడ పాఠాలు చెప్పుకొన్నారు."

"అయితే మా వాడు కూడా ట్యూషన్లు చెప్పుకోవాలన్న మాట" అని నవ్వి, సంచిలోనుండి యూనివర్సిటీ దరఖాస్తు తీసి, సంఘ కాపరి సంతకము ఎక్కడ పెట్టాలో చూపించారు.