ఖరీదైన సరుకు, కనబడని కార్ఖానా

సోలాపూరు పేరు వినగానే మన సరిహద్దు గ్రామాలలో ఎవరికైనా చాదరు, టవలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల శ్రమఫలమే ఆ సరుకు. సోలాపూరు చాదరుకు, టెర్రీ టవలుకు 2005-06లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. నగరపు తూర్పు భాగంలోని నీలం నగర్ వంటి వాడలలో నేటికీ మరమగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట వినిపిస్తుంది. అక్కడ నేసిన టవళ్లు విదేశీ దుకాణాలకు, హోటళ్లకు కూడా చేరుతున్నవి. ఆ కొనుగోలుదారునికి, మగ్గం నడిపే మన బంధువుకు మధ్య గల సంబంధమేమిటి? ఒకరి క్షేమానికి మరొకరు ఎంతవరకు బాధ్యులు? ఈ విషయాన్ని తెలుసుకొనుట మన కుటుంబాలకు అవసరం.

సరఫరా గొలుసు అంటే ఏమిటి?

ఒక టవలు తయారగుటకు ముందు పత్తి నూలుగా మారాలి. నూలుకు రంగు వేయాలి. తరువాత మగ్గంపై నేత, అంచులు కుట్టుట, దారాలు కత్తిరించుట, మడత పెట్టి కట్టలు కట్టుట జరుగుతాయి. ఈ పనులన్నీ ఒకే కప్పు కింద జరుగవు. ఎగుమతిదారు ఒక కార్ఖానాకు ఆర్డరు ఇస్తాడు. గడువు తక్కువైతే ఆ కార్ఖానా కొంత పనిని చిన్న షెడ్డుకు అప్పగిస్తుంది. అక్కడి నుండి కొంత పని ఇళ్లలోని స్త్రీలకు పోతుంది. మొదటి కార్ఖానా పేరు కొనుగోలుదారుని పుస్తకంలో ఉంటుంది. చివరి షెడ్డు పేరు ఎక్కడా ఉండదు. ఈ గొలుసులోని ప్రతి కొక్కెమును గుర్తించి, అక్కడి కూలి, పనివేళలు, భద్రత సరిగా ఉన్నవో లేవో చూచుటనే బాధ్యతాయుతమైన కొనుగోలు అంటారు.

ఇది పేద దేశాల సమస్య మాత్రమేనా?

కాదు. ఇటలీలోని మిలాన్ నగర న్యాయస్థానం 2024 జూన్‌లో డియోర్ సంస్థకు చెందిన ఒక ఉత్పత్తి విభాగాన్ని న్యాయ పర్యవేక్షకుని కిందికి తెచ్చినది. ఆ విభాగం పని అప్పగించిన చిన్న కార్ఖానాలలో కార్మికులు పనిచేసే చోటనే నిద్రించేవారని, వేగం పెంచుటకు యంత్రాల భద్రతా పరికరాలను తొలగించారని విచారణలో బయటపడినది. కరెంటు వాడకపు లెక్కలను బట్టి రాత్రింబవళ్లు, సెలవు దినాలలో కూడా పని జరిగినట్లు గుర్తించారు. దుకాణంలో సుమారు 2,600 యూరోలకు అమ్మే ఒక సంచికి, ముడిసరుకు ఖర్చు కాక, తయారీదారుకు ఇచ్చినది 53 యూరోలని విచారణ పత్రాలు తెలిపినవి. ఆ సంస్థ స్వయంగా కార్మికులను హింసించినదని న్యాయస్థానం అనలేదు. పని అప్పగించి, దానిని గమనించకపోవుటే లోపమని చెప్పినది. దిద్దుబాట్ల అనంతరం 2025 ఆరంభంలో ఆ పర్యవేక్షణను ఎత్తివేశారు.

తక్కువ ధర, తక్కువ గడువు ఇచ్చి, పని ఎక్కడ జరుగుతున్నదో అడుగని కొనుగోలుదారు ఎంత పెద్దవాడైనా నిర్దోషి కాడని దీని సారాంశం.

సోలాపూరు అనుభవం

2025 మే 18 తెల్లవారుజామున సోలాపూరు అక్కలకోట మార్గంలోని ఎం.ఐ.డి.సి. ప్రాంతంలో ఒక టవళ్ల కర్మాగారం అగ్నికి ఆహుతి అయినది. షార్ట్ సర్క్యూట్ కారణమని మొదట అనుమానించారు. ఆ ఆవరణలోనే నివసిస్తున్న యజమాని, ఏడాదిన్నర పసివానితో సహా ఆయన కుటుంబీకులు, కార్మికులు కలిసి 8 మంది మరణించారు. మంట యజమానిని, కూలివానిని వేరుచేసి చూడలేదు. కార్ఖానాయే నివాసమైనప్పుడు భద్రత అందరిదీ అవుతుంది. నూలు, దూది ధూళి నిండిన చోట చిన్న నిప్పురవ్వ చాలు. కావున పాత వైరింగు, సరుకు అడ్డుపెట్టిన దారి, తాళం వేసిన రెండవ తలుపు వంటివి చిన్న లోపాలు కావు.

చట్టం ఎందుకు చేరదు?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం, విద్యుత్తు వాడే చోట 20 మంది కార్మికులు ఉంటేనే అది 'ఫ్యాక్టరీ' అవుతుంది. ఆరేడుగురితో నడిచే షెడ్డు ఆ నిర్వచనంలోకి రాదు. అటువంటి చోట కొనుగోలుదారుని తనిఖీయే మిగిలిన కాపలా. జర్మనీలో 2023 జనవరి 1 నుండి అమలైన సరఫరా గొలుసు చట్టం పెద్ద కంపెనీలకు ఈ బాధ్యతను అప్పగించి, పరోక్ష సరఫరాదారుల వద్ద పనిచేసేవారికి కూడా ఫిర్యాదు మార్గం ఉండాలన్నది. అయితే 2025లో ఐరోపాలో ఇటువంటి నియమాలను సడలించే ప్రయత్నాలు సాగినవి.

సర్టిఫికెట్లను కూడా అర్థం చేసుకోవాలి. 'ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100' గుర్తు బట్టలో హానికర రసాయనాలు లేవని తెలుపుతుంది. నేసినవానికి సరియైన కూలి అందినదని అది చెప్పదు. 'ఎస్.ఎ. 8000' అనునది బాలకార్మికత, నిర్బంధ శ్రమ, పనివేళలు, భద్రతలకు సంబంధించినది. అదైనా తనిఖీ చేసిన కార్ఖానాకే వర్తిస్తుంది, పని చాటుగా వెళ్లిన షెడ్డుకు కాదు.

మన కుటుంబాలు చేయదగినది

సోలాపూరుకు పనికి వెళ్లే బిడ్డను జీతమెంత అని అడుగుతాం. దానితో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగాలి. కార్ఖానా పేరు, చిరునామా ఏమిటి? పీసు లెక్క, మజూరీ కాగితంపై ఇస్తారా? రాత్రి ఎక్కడ పడుకుంటావు? బయటకు రెండవ దారి ఉన్నదా, రాత్రి దానికి తాళం వేస్తారా? 10 మంది పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది కనుక ఆ నంబరు అడిగి ఇంట్లో రాసి పెట్టుకోవాలి. అర్హులైన కార్మికుల కుటుంబాలకు కూడా దాని ద్వారా వైద్యం లభిస్తుంది. పనిలో ప్రమాదం జరిగి ప్రాణం పోతే, ఆధారపడినవారికి నెలనెలా భృతి అందుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లలను కార్ఖానా పనికి పెట్టుట నేరం. అటువంటిది కనబడితే 1098కి తెలుపవచ్చు.

కార్ఖానా నడిపే మన బంధువులు కూడా అనేకులున్నారు. పని బయటికి ఇచ్చిన షెడ్డుల పేర్లను పుస్తకంలో వ్రాసి ఉంచుట, కొనుగోలుదారునితో ధర మాట్లాడునప్పుడు వైరింగు, తలుపుల ఖర్చును కూడా లెక్కలో చూపుట వారికి మేలు. ఆ ఖర్చు ధరలో చేరనంతకాలం దానిని ఎవరో ఒకరు ప్రాణంతో చెల్లించవలసి వస్తుంది.