పరుల కోసం పలికిన కంచుకంఠం

అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించిన భరతముని, వాక్కు విషయంలో నటుడు విశేషమైన శ్రద్ధ వహించాలని, నాట్యానికి వాక్కే శరీరమని నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఆ వాచికాన్నే ప్రాణంగా చేసుకొని, సుమారు అర్ధశతాబ్ది పాటు తెలుగువారి చెవులలో మారుమ్రోగిన నటుడు కళావాచస్పతి శ్రీ కొంగర జగ్గయ్య. “కంచుకంఠం” అన్న మాట వినగానే తెలుగువారికి మొట్టమొదట స్ఫురించే పేరు ఆయనదే.

గోల్ ఘర్ కూడలి పరిసరాలలో నివసించే మన ఉద్యోగుల కుటుంబాలకు ఆయన జీవితాన్ని పరిచయం చేయాలని మేము సంకల్పించడానికి ఒక కారణమున్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి సముద్రం దాటి ఈ ద్వీపాలలో స్థిరపడిన తెలుగువారికి, మాతృభాషతో సంబంధం చాలాకాలం చెవి ద్వారానే నిలిచింది. రేడియో వార్త, సినిమా సంభాషణ, ఇంట్లో పెద్దల పలుకు – ఈ మూడే వారికి బడి. బజారులో హిందీ, కార్యాలయంలో ఆంగ్లం మాట్లాడి ఇల్లు చేరే మనకు, తెలుగు మాటను నిండుగా పలకడమంటే ఏమిటో నేర్పగల కంఠాలు కొన్నే. వానిలో జగ్గయ్యగారి కంఠం అగ్రగణ్యమైనది. అయితే ఆ కంఠం గొప్పతనం దాని గాంభీర్యంలో మాత్రమే ఉన్నదని మేము భావించడం లేదు. తన గొంతును ఆయన ఎవరెవరి కోసం వెచ్చించారో తెలిసినప్పుడే ఆ మనిషి మనకు అర్థమవుతాడు.

సంపన్న గృహం – సామాన్యుల పక్షం

గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని మోరంపూడి గ్రామంలో, గత శతాబ్ది మూడవ దశకంలో, ఒక సంపన్న కుటుంబంలో జగ్గయ్య జన్మించారు. తెనాలి ప్రాంతం ఆనాడు నాటకాలకు, సాహిత్యానికి, రాజకీయ చైతన్యానికి పెట్టినది పేరు. భూవసతి, ధనం గల ఇంట పుట్టిన బాలుడు కాలుమీద కాలు వేసుకొని కాలం గడిపినా అడిగేవారు లేరు. కాని ఆయన దృష్టి చిన్ననాటనే రంగస్థలం మీదికి మళ్లింది. పదకొండేళ్ల ప్రాయంలోనే నాటకంలో లవుని పాత్ర ధరించారు. అడవి బాపిరాజు శిక్షణలో చిత్రలేఖనం అభ్యసించారు. విద్యార్థి దశలోనే సోషలిస్టు భావాలకు ఆకర్షితులయ్యారు.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివే రోజులలో నందమూరి తారక రామారావు ఆయనకు సహవిద్యార్థి. తరువాతి కాలంలో తెలుగు తెరను ఏలిన ఇద్దరు నటులు ఒకే కళాశాల వేదికపై నాటకాలు ఆడారన్నది నేటి పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. చదువుతో పాటు పత్రికారచనలోనూ, అటుపిమ్మట ఉపాధ్యాయవృత్తిలోనూ ఆయన కొంతకాలం కృషి చేశారు. నటన, చిత్రలేఖనం, పత్రిక, పాఠశాల – ఇన్ని రంగాలను స్పృశించిన యువకుని జీవితాన్ని మలుపు త్రిప్పినది మాత్రం మైక్రోఫోను.

వార్తలు చదివిన గొంతు

సినిమాకు పూర్వం జగ్గయ్య ఢిల్లీలోని ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలవి. పత్రిక చేరని పల్లెకు సైతం దేశవార్తను చేరవేసిన సాధనం రేడియో. ఢిల్లీలో చదివిన మాట వందల మైళ్లు ప్రయాణించి తెలుగునాట వినబడేది. వాతావరణం అనుకూలించని పూట గరగరమనే ధ్వనుల మధ్య నుండి మాటను ఏరుకొని వినవలసి వచ్చేది.

అటువంటి ప్రసారానికి గొంతు పెద్దదైతే చాలదు. ఒత్తు ఒత్తుగా, దీర్ఘం దీర్ఘంగా పలకాలి. శ, ష, స ల భేదం తెలియాలి. వాక్యాంతంలో శ్వాస తగ్గి మాట మ్రింగుడు పడరాదు. అన్నింటికంటె ముఖ్యంగా, చదివే వార్త సంతోషకరమైనదైనా విషాదకరమైనదైనా చదువరి తన ఇష్టానిష్టాలను గొంతులోనికి రానీయరాదు. వార్తల ఆరంభంలో ఒక్కసారి తన పేరు చెప్పి, ఆపై తనను తాను మరచిపోవడమే ఆ వృత్తిధర్మం. ఈ శిక్షణే జగ్గయ్యగారి నటనకు పునాది అని మా అభిప్రాయం. చివరి వరుస ప్రేక్షకునికి వినబడేలా కంఠమెత్తి పలకడం మన పద్య నాటకాల సంప్రదాయం. మైకు ముందు మెల్లగా పలికి కూడా గాంభీర్యం నిలుపుకోవడం రేడియో నేర్పిన విద్య. ఈ రెండూ ఆయన గొంతులో కలిశాయి.

వెండితెరపై

1952లో త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన “ప్రియురాలు” చిత్రంతో జగ్గయ్య చిత్రరంగంలో ప్రవేశించారు. తొలి చిత్రాలు ఆశించిన ఫలితమివ్వలేదు. బి.ఎన్.రెడ్డి రూపొందించిన “బంగారుపాప”తో ఆయనకు గుర్తింపు లభించింది. 1955లో విడుదలైన “అర్ధాంగి”లో జమీందారు ఇంట గారాబంతో చెడిన కుమారుని పాత్రలో ఆయన నటన ప్రశంసలందుకున్నది. కలిగిన ఇంట పుట్టిన వ్యక్తి, కలిమి మనిషిని ఎలా పాడుచేయగలదో తెరపై చూపడంలో ఒక చమత్కారమున్నది. అదే సంవత్సరం “దొంగరాముడు”, ఆపై “ముద్దుబిడ్డ”, “ఎమ్మెల్యే”, “వెలుగునీడలు”, “ఆరాధన” వంటి చిత్రాలు ఆయనకు నిలకడైన స్థానం కల్పించాయి.

1964 నాటి “డాక్టర్ చక్రవర్తి”ని చూచినవారు స్నేహానికీ అనుమానానికీ మధ్య నలిగిపోయే మిత్రుని పాత్రలో జగ్గయ్యను మరువలేరు. కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. ప్రేక్షకుల సానుభూతి సహజంగా ఆయన పక్షమే. అనుమానించే భర్తగా ద్వేషానికి గురికావలసిన పాత్రకు సైతం జగ్గయ్య తన గొంతుతో ఒక వేదనను సమకూర్చారు. నాయకుడైనా, ప్రతినాయకుడైనా, నాయకుని మిత్రుడైనా పాత్ర నిడివిని లెక్కపెట్టక పనిచేయడం ఆయన పద్ధతి. నిర్మాతగా ఆయన 1962లో అందించిన “పదండి ముందుకు” స్వాతంత్ర్యోద్యమాన్ని ఇతివృత్తంగా గ్రహించిన చిత్రం.

ఒకరి ముఖం – మరొకరి మాట

నటునికి తెరపై కనబడడమే జీవనం. అట్టి నటుడు, తాను కనబడని చిత్రానికి తన గొంతునివ్వడం సామాన్య విషయం కాదు. తమిళ మహానటుడు శివాజీ గణేశన్ చిత్రాలు తెలుగులోనికి అనువాదమైనప్పుడు ఆ పాత్రలకు గాత్రదానం చేసినవారు జగ్గయ్య. ఆ చిత్రాలను చూచిన తెలుగు ప్రేక్షకులు శివాజీ ముఖాన్నీ, జగ్గయ్య గొంతునూ ఒక్క మనిషిగానే భావించారు.

ఈ పని ఎంత క్లిష్టమైనదో కొంత వివరిస్తాము. ఆ రోజులలో అనువాద చిత్రాన్ని చిన్నచిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకను తెరపై పదేపదే చూపేవారు. గాత్రదాత మూలభాషలోని సంభాషణను వింటూ, తెరపై కదిలే పెదవులను చూస్తూ, సరిగ్గా అదే క్షణంలో తెలుగు మాట పలకాలి. ప, బ, మ వంటి అక్షరాలు పలికేటప్పుడు పెదవులు మూతపడతాయి. తెరపై పెదవులు తెరచి ఉండగా ఈ అక్షరాలు వినబడితే ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. తమిళంలో “వందాన్” అనే రెండు అక్షరాల మాటకు తెలుగులో “వచ్చాడు” అని మూడు అక్షరాలు పలకాలి. తమిళపు మాట హల్లుతో ఆగిపోతుంది. అజంతమైన తెలుగు మాట చివర పెదవులు గుండ్రమై “ఉ”కారం పలుకుతుంది. ఈ తేడాను రచయిత కొంత, గాత్రదాత కొంత సర్దుకోవాలి.

ఇక శివాజీ గణేశన్ వంటి నటుని విషయంలో కష్టం ద్విగుణీకృతమవుతుంది. ఆయన సంభాషణ ఒక్క వాక్యంలోనే గుసగుసగా మొదలై గర్జనగా ముగియవచ్చు. ఆ ఆవేశాన్ని తెలుగులో అందుకోవాలంటే గాత్రదాత కూడ మహానటుడై ఉండాలి; అయితే తన సొంత బాణీని మాత్రం ప్రక్కన పెట్టాలి. చప్పట్లు మ్రోగినప్పుడు అవి తెరమీది ముఖానికే చెందుతాయి. అప్పటికే పేరుప్రతిష్ఠలు గడించిన నటుడు ఈ త్యాగానికి సిద్ధపడడం ఆయన సంస్కారానికి నిదర్శనం. వార్తలు చదివేటప్పుడు కనీసం తన పేరు చెప్పుకునే అవకాశముండేది. ఇక్కడ అదీ లేదు.

రూథర్‌ఫర్డ్ దొర

ఈ ద్వీపవాసులకు మిక్కిలి సన్నిహితమైన పాత్ర ఒకటున్నది. 1974లో విడుదలైన “అల్లూరి సీతారామరాజు” చిత్రంలో జగ్గయ్య ఆంగ్లేయ అధికారి రూథర్‌ఫర్డ్ పాత్రను ధరించారు. కృష్ణ కథానాయకునిగా నటించి, నిర్మించిన ఈ చిత్రం తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. మన చిత్రాలలో ఆంగ్లేయ అధికారి అంటే వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించే పాత్రగా చూపడం కద్దు. జగ్గయ్య ఆ మార్గం త్రొక్కలేదు. తన సహజగంభీరమైన కంఠంతోనే, ఉన్నత కుటుంబపు మర్యాద, సామ్రాజ్యాధికారపు దర్పం, శత్రువు ధైర్యాన్ని గుర్తించే గుణం కలబోసి ఆ దొరకు ప్రాణం పోశారు. ప్రత్యర్థి ఎంత ఉన్నతుడుగా కనిపిస్తే వీరుని శౌర్యం అంతగా ప్రకాశిస్తుంది. రాజు పాత్ర చిరస్మరణీయం కావడంలో రూథర్‌ఫర్డ్ పాత్రధారికీ కొంత భాగమున్నదని మేము విశ్వసిస్తున్నాము.

చరిత్రలో మన్యం పోరాటం 1922లో ఆరంభమైంది. 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజు బలి అయ్యారు. ఆ పోరాటంలో పట్టుబడినవారిలో కొందరు ద్వీపాంతర శిక్షకు గురై ఈ అండమాన్‌కే తరలింపబడ్డారు. గోల్ ఘర్‌కు అనతిదూరంలోని సెల్యులర్ జైలు గోడలు ఆ చరిత్రకు సాక్షులు. ఆ చిత్రాన్ని ఎక్కడ చూచినా అది వీరగాథ. ఇక్కడ చూచినప్పుడు అది మన ఊరి చరిత్రలో ఒక భాగం కూడ.

సభలోనూ, సాహిత్యంలోనూ

1967లో ఒంగోలు నియోజకవర్గం నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా జగ్గయ్య లోక్‌సభకు ఎన్నికయ్యారు. చిత్రసీమ నుండి ప్రజల ఓటుతో లోక్‌సభలో అడుగుపెట్టిన తొలివారిలో ఆయన ఒకరు. ఒకప్పుడు ఢిల్లీలో కూర్చుండి దేశవార్తలను తెలుగువారికి వినిపించిన వ్యక్తి, ఇప్పుడు తెలుగువారి మాటను ఢిల్లీకి వినిపించే బాధ్యత స్వీకరించారన్నమాట.

సాహిత్యంలోనూ ఆయన మార్గం ఇదే. రవీంద్రనాథ ఠాగూరు గీతాంజలిని “రవీంద్ర గీత” పేరుతో తెలుగులోనికి తెచ్చారు. అనువాదమన్నది కూడ ఒకరకమైన గాత్రదానమే కదా! కవి వేరొకరు, పలుకు తనది. 1989లో ఆచార్య ఆత్రేయ కన్నుమూసిన అనంతరం, ఆయన నాటకాలనూ పాటలనూ సేకరించి సంపుటాలుగా వెలువరించే భారాన్ని జగ్గయ్య తన భుజాలపై వేసుకున్నారు. సినిమా పాట గాలిలో కలిసిపోయే వస్తువని లోకం భావించే రోజులలో, మిత్రుని రచన ఒక్కటీ పోరాదని శ్రమించడం సామాన్యమైన స్నేహధర్మం కాదు. నేడు ఆత్రేయ సాహిత్యాన్ని ఒకచోట చదువుకొనగలుగుతున్నామంటే ఆ పుణ్యంలో జగ్గయ్యగారికి పెద్ద వాటా ఉన్నది.

1992లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 2004 మార్చి 5న ఆయన చెన్నైలో పరమపదించారు.

మనకు మిగిలిన మాట

కొందరు నటులు తమ పాత్రల ద్వారా గుర్తుంటారు, కొందరు తమ పాటల ద్వారా గుర్తుంటారు. జగ్గయ్య తన ఉచ్చారణ ద్వారా గుర్తుంటారు. ఆ ఉచ్చారణ ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి అని అనుకుంటే పొరపాటు. గొంతు పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. స్పష్టత సాధనతోనే వస్తుంది. వార్త చదివినా, సంభాషణ చెప్పినా, పరభాషా నటునికి మాటనిచ్చినా, ప్రతి అక్షరానికీ దాని హక్కు దానికి ఇవ్వడమే ఆయన జీవితాంతం చేసిన పని.

మన పిల్లలు హిందీనీ, ఆంగ్లాన్నీ ధారాళంగా మాట్లాడుతున్నారు. అది వారికి ఈ ద్వీపాలు ఇచ్చిన వరం. ఇంట్లో తెలుగు మాత్రం రోజురోజుకు పొట్టి వాక్యాలకు పరిమితమవుతున్నదని పలువురు తల్లిదండ్రులు మాతో అంటున్నారు. అట్టివారికి మా సూచన ఒక్కటే. ఒక సెలవు రోజున జగ్గయ్య నటించిన చిత్రాన్ని పిల్లలతో కలిసి చూడండి. మరొక రోజున శివాజీ గణేశన్ నటించగా ఆయన గాత్రమిచ్చిన చిత్రాన్ని చూస్తూ, నడుమ ఒక్క సన్నివేశంలో కళ్లు మూసుకొని వినమనండి. తెరపై ఎక్కడా కనబడని ఒక తెలుగు మనిషి, తన పేరు కూడ చెప్పుకోకుండ, తెలుగు మాటను ఎంత నిండుగా పలికారో వారికి అప్పుడు తెలుస్తుంది.