మళ్లీ అదే ప్రత్యర్థి ఎదురైతే...

విజయవాడ: ఒకసారి తనను ఓడించిన ప్రత్యర్థే మళ్లీ బరిలో ఎదురైతే బాక్సర్‌ ఏం మార్చుకోవాలి? ‘ఈసారి ఇంకా గట్టిగా కొట్టు’ అనే సలహా వెంటనే వస్తుంది. ‘నీ ఆటతీరు మొత్తం మార్చెయ్‌’ అన్నది రెండో సలహా. మొదటిది పాత తప్పునే మరింత బలంగా చేయిస్తుంది. రెండోది ఏళ్ల తరబడి చేతికి వచ్చిన విద్యను పోగొడుతుంది. మార్చుకోవలసినవి సాధారణంగా ఒకటి రెండు అంశాలే. అవేమిటో కనిపెట్టడమే కష్టం.

ఇది ప్రపంచ విజేతలకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో ఒక్కో బరువు విభాగంలో తలపడేవారు పరిమితం. కృష్ణా, ఎన్టీఆర్‌ జిల్లాల నుంచి ఎంపిక పోటీలకు వెళ్లే కుర్రాడికి గత ఏడాది ఓడించిన ముఖమే ఈ ఏడాదీ ఎదురుకావచ్చు. ఓడితే ఆ ఏడాది అక్కడితో ముగిసినట్టే. అందుకే రెండు పోటీల నడుమ దొరికే నెలలను ఎలా వాడుకోవాలన్నది వారి భవిష్యత్తును తేల్చే విషయం.

నిఖత్‌ మూడు పోరాటాలు

ఇందుకు తెలుగువారి ముందున్న ఉదాహరణ నిఖత్‌ జరీన్‌. నిజామాబాద్‌లో పుట్టిన ఈ బాక్సర్‌ 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందారు. 2011లో ప్రపంచ జూనియర్‌ విజేతగా, 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ సీనియర్‌ విజేతగా నిలిచారు. ఆమె పతకాల సంగతి అందరికీ తెలుసు. టర్కీకి చెందిన బుసెనాజ్‌ చాకిరోగ్లుతో ఆమె సాగించిన పోరాటాల సంగతి అంతగా చర్చకు రాలేదు.

2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో జరిగిన బాస్ఫరస్‌ టోర్నీలో నిఖత్‌ వరుసగా ఇద్దరు మాజీ ప్రపంచ విజేతలను ఓడించి సెమీఫైనల్‌ చేరారు. అక్కడ చాకిరోగ్లు చేతిలో 0-5 తేడాతో ఓడిపోయారు. అంటే అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ఒక్కరు కూడా ఆమెవైపు మొగ్గలేదు. అదే ఏడాది చాకిరోగ్లు టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు. పదకొండు నెలలు గడిచాయి. 2022 ఫిబ్రవరిలో బల్గేరియా రాజధాని సోఫియాలో స్ట్రాంజా స్మారక టోర్నీ సెమీఫైనల్‌లో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి 4-1 తేడాతో నిఖత్‌దే విజయం. మరి కొద్ది నెలలకే ఆమె తాను ఓడిన ఇస్తాంబుల్‌ నగరంలోనే ప్రపంచ కిరీటం ధరించారు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే పాఠం సులువుగా ఉండేది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్‌లో వారిద్దరూ మరోసారి ఎదురుపడ్డారు. ఫలితం 0-5. గెలుపు చాకిరోగ్లుది. ఓడినవారు మారినట్టే ఓడించినవారూ మారతారు. ఈ సంగతి మరిచి వేసే ప్రణాళిక ఏదైనా సగమే.

తీర్పు ఎలా ఇస్తారు?

ఏం మార్చాలో తెలియాలంటే గెలుపును ఎలా లెక్కిస్తారో ముందు తెలియాలి. ఒలింపిక్‌ తరహా బాక్సింగ్‌లో పెద్దల విభాగం పోరు మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు, నడుమ ఒక నిమిషం విరామం. అయిదుగురు న్యాయనిర్ణేతలు ఎవరికి వారే మార్కులు వేస్తారు. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9. శుభ్రంగా తగిలిన దెబ్బలు ఎన్ని, ఎత్తుగడల్లో పైచేయి ఎవరిది, పోటీతత్వం ఎవరిలో ఎక్కువ అన్నవి కొలమానాలు. చేతుల కాపును తాకి ఆగిపోయిన పంచ్‌లకు విలువ ఉండదు. గ్యాలరీలో చప్పట్లు మాత్రం వాటికీ మోగుతాయి!

ఈ లెక్కలో ఒక కఠిన సత్యం ఉంది. మొదటి రౌండును ముగ్గురు న్యాయనిర్ణేతల వద్ద చేజార్చుకున్న బాక్సర్‌, కోతలు, నాకౌట్‌ లేని పక్షంలో, ఆ ముగ్గురిలో ఒకరి వద్దనైనా మిగిలిన రెండు రౌండ్లూ గెలిచి తీరాలి. వృత్తి బాక్సింగ్‌లో పన్నెండు రౌండ్లుంటాయి కాబట్టి మొదటి రెండింటిలో ప్రత్యర్థిని చదవవచ్చు. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. చదువు ముందే పూర్తికావాలి. పాత ప్రత్యర్థితో పోరులో ఉన్న ఏకైక సౌలభ్యం కూడా అదే.

దెబ్బకు ముందు మూడు క్షణాలు

ఓడిన పోరు వీడియో చూసేటప్పుడు చాలామంది దెబ్బ తగిలిన క్షణాన్నే చూస్తారు. చూడవలసింది దానికి ముందు మూడు క్షణాలు. అప్పుడు కాళ్లు ఎక్కడున్నాయి? వెనక్కి నేరుగా వెళ్లారా, పక్కకు తిరిగారా? ముందు చెయ్యి విసిరాక గడ్డం వద్దకు తిరిగి వచ్చిందా, నడుము దగ్గరే ఉండిపోయిందా? తగిలిన ప్రతి దెబ్బకూ ఒక గీత చొప్పున నోటు పుస్తకంలో రాసుకుంటే పది నిమిషాల్లో చిత్రం తేలిపోతుంది. ఇరవై దెబ్బల్లో పన్నెండు ఒకే తప్పు వల్ల తగిలినవైతే మార్చుకోవలసింది ఆ ఒక్కటే.

బాక్సింగ్‌ చరిత్రలో ఇందుకు ప్రసిద్ధ సాక్ష్యం జో లూయీ, మాక్స్‌ ష్మెలింగ్‌ల పోరాటాలు. లూయీ ఎడమచేత్తో జాబ్‌ విసిరిన తర్వాత ఆ చేతిని కిందికి జారవిడుస్తాడని జర్మనీ బాక్సర్‌ ష్మెలింగ్‌ ముందే పసిగట్టాడు. 1936 జూన్‌ 19న న్యూయార్క్‌లో ఆ ఖాళీ గుండానే కుడిచేతి దెబ్బలు దించి 12వ రౌండులో లూయీని పడగొట్టాడు. రెండేళ్ల తర్వాత, 1938 జూన్‌ 22న, అదే నగరంలో లూయీ బదులు తీర్చుకున్నాడు. ప్రత్యర్థి కుడిచెయ్యి సర్దుకొనే వ్యవధి ఇవ్వకుండా మొదటి గంట నుంచే మీదపడి 124 సెకన్లలో పోరు ముగించాడు. లూయీ కొత్త విద్యేమీ నేర్చుకోలేదు. తన బలం తనదే. దాన్ని ప్రయోగించే దూరాన్నీ వేగాన్నీ మార్చాడు.

ఎవరి ఆట ఆడుతున్నాం?

కొన్నిసార్లు తప్పు చేతిలోనూ కాలిలోనూ ఉండదు, పంతంలో ఉంటుంది. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో షుగర్‌ రే లెనార్డ్‌ తన చురుకైన కాళ్లను పక్కనపెట్టి రాబర్టో డురాన్‌తో ముఖాముఖి ఢీకొన్నాడు. డురాన్‌కు కావలసిందీ అదే. తీర్పు డురాన్‌కే దక్కింది. అదే ఏడాది నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో లెనార్డ్‌ చుట్టూ తిరుగుతూ, తాకి తప్పుకుంటూ విసిగించాడు. ఎనిమిదో రౌండులో డురాన్‌ తానుగా పోరు విరమించాడు. బక్కపలుచని, పొడవైన కుర్రాడు పొట్టి బలశాలితో దగ్గరగా నిలబడి గుద్దులాడి ఓడితే, అతనికి కావలసింది కండబలం కాదు. తన ఎత్తును గుర్తుచేసే శిక్షకుడు కావాలి.

బ్యాడ్మింటన్‌లోనూ ఇదే తర్కం పనిచేసింది. ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 2017లో డిప్యూటీ కలెక్టరుగా నియమించిన పి.వి.సింధు, అదే ఏడాది గ్లాస్గో ప్రపంచ పోటీల ఫైనల్‌లో 110 నిమిషాల పోరు తర్వాత నొజోమి ఒకుహరా చేతిలో ఓడారు. ఒకుహరా బలమంతా సుదీర్ఘ ర్యాలీల్లోనే ఉంది. 2019లో బాసెల్‌ ఫైనల్‌లో సింధు దాడితో ర్యాలీలను కురచ చేసి 21-7, 21-7 తేడాతో 38 నిమిషాల్లో ముగించారు.

వాటాన్ని బట్టి జవాబు

ఎడమచేతి వాటం ప్రత్యర్థి చేతిలో ఓడినవారికి మొదటి పాఠం కాళ్లదే. కుడిచేతి వాటం బాక్సర్‌ ఎడమకాలు ముందు పెడతాడు, అవతలివాడు కుడికాలు. రెండు ముందు పాదాలూ ఢీకొంటాయి. ఎవరి పాదం అవతలివాడి పాదానికి వెలుపల పడితే వారి వెనుక చేతికి దారి తెరుచుకుంటుంది. ఎడమవైపు అడుగు వేస్తూ కదిలితే ప్రత్యర్థి ఎడమచేతికి దూరం కావచ్చు. చెప్పడానికి ఒక వాక్యం. ఒంటికి పట్టడానికి వారాలు కావాలి.

పొడగరి జాబ్‌లతో ఓడించినవారు నేరుగా దూసుకెళ్లడం మానాలి. తలను దెబ్బ గీత నుంచి తప్పించి, పొట్టమీద ఒక దెబ్బ వేసి, ఆ తర్వాతే పైకి రావాలి. మీదపడే బలశాలితో అయితే వెనక్కి నేరుగా నడవకుండా ముందు పాదం మీద పక్కకు తిరగాలి. 1974లో జో ఫ్రేజియర్‌పై ప్రతీకారం తీర్చుకున్న మహమ్మద్‌ అలీ అతని మెడను పదే పదే పట్టి బిగించాడు. దాన్ని అనుకరించవద్దు. ఒలింపిక్‌ తరహా పోటీల్లో పట్టుకోవడం పదే పదే జరిగితే హెచ్చరిక, తర్వాత పాయింటు కోత తప్పవు.

ఎడమచేతి వాటం సహచరుడు లేకుంటే ఒకరిని వాటం మార్చి నిలబెట్టవచ్చు. పొడగరి లేకుంటే పై బరువు విభాగం కుర్రాడిని పిలిచి తేలిక దెబ్బలతో సాధన చేయవచ్చు. ఆ సహచరుడు తన ఆట ఆడకూడదు, ప్రత్యర్థి అలవాట్లనే ప్రదర్శించాలి. సాధనలో ఎక్కువ భాగం పాత బలాలకే కేటాయించి, కొద్ది భాగమే కొత్త జవాబుకు ఇవ్వడం మేలు. చివరి వారంలో కొత్తదేదీ మొదలుపెట్టరాదు. అలసటలో శరీరం పాత అలవాటునే వెతుక్కుంటుంది. అందుకే కొత్త అడుగును ఊపిరి ఆడని మూడో రౌండులోనే ఎక్కువగా పరీక్షించాలి.

బరువు, ఎండ, తల

డెల్టాలో మే నెల ఉక్కపోత సంగతి చెప్పనక్కరలేదు. బరువు తగ్గాలని మందపాటి దుస్తులు తొడుక్కుని బందరు కాలువ గట్టు మీద మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం ప్రాణాలతో చెలగాటం. చెమటతో పోయేది కొవ్వు కాదు, నీరు. అలా తగ్గిన కిలోలు కాళ్లలోని వేగాన్ని కూడా తీసుకుపోతాయి. పారిస్‌ ఒలింపిక్స్‌లో మల్లయోధురాలు వినేశ్‌ ఫొగాట్‌ ఫైనల్‌ రోజున 100 గ్రాముల అధిక బరువుతో అనర్హురాలైన 2024 నాటి ఉదంతం ఇంకా మరుగున పడలేదు. ఎదిగే వయసు పిల్లవాడికి పాత విభాగం ఇరుకైతే పై విభాగానికి మారడమే శ్రేయస్కరం, పాత ప్రత్యర్థి అక్కడ లేకపోయినా సరే!

తలదెబ్బతో నాకౌట్‌ అయిన బాక్సర్‌కు ప్రతీకారం తొందర అసలే పనికిరాదు. నాకౌట్‌ తర్వాత కనీసం 30 రోజులు పోటీలకు, సాధన పోరుకు దూరంగా ఉండాలన్నది బాక్సింగ్‌ వైద్య నియమం. తలనొప్పి, వాంతి, మతిమరుపు, నిద్ర చెదరడం వంటి లక్షణాలుంటే గడువు ముగిసినా వైద్యుడి అనుమతి లేకుండా గ్లోవ్స్‌ తొడగరాదు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో శిక్షకుడితో వాదానికి దిగినా తప్పులేదు.

గెలిచినవాడి మాటేమిటి?

మొదటి పోరులో గెలిచినవారు సాధారణంగా ఏమీ మార్చరు. 2019 జూన్‌లో ఆంథొనీ జాషువాను ఏడో రౌండులో ఓడించి సంచలనం సృష్టించిన ఆండీ రూయిజ్‌, డిసెంబరులో జరిగిన రెండో పోరుకు దాదాపు 7 కిలోలు అదనంగా పెరిగి వచ్చాడు. జాషువా మాత్రం బరువు తగ్గి, దూరం పాటించి, జాబ్‌లతోనే పోరు నడిపి పాయింట్లపై గెలిచాడు. గెలిచిన కుర్రాడు కూడా తన వీడియో చూసుకోవాలి, ప్రత్యర్థి కళ్లతో. తనను ఓడించాలంటే తానైతే ఏం చేస్తాడో రాసుకుంటే, అవతలి శిబిరంలో ఈపాటికి రాసుకున్నది చాలావరకు అదే అయి ఉంటుంది.

పోటీ రోజున మూలలో ఉండే శిక్షకుడికి దొరికే విరామం ఒక్క నిమిషమే. ఊపిరి, నీళ్లు, తుడుపు పోగా మాటకు మిగిలేది అందులో సగం కూడా కాదు. నెలల పరిశీలనంతా ఆ వ్యవధిలో చెప్పాలని చూస్తే కుర్రాడి చెవికి ఏదీ ఎక్కదు. ‘చెయ్యి వెనక్కి’, ‘ఎడమకు అడుగు’ వంటి రెండు ముక్కలను సాధన నాటి నుంచే ఖరారు చేసుకోవాలి. బరిలో కొత్త మాట వాడకూడదు.