ఉబ్బసం ఉన్నా పండంటి బిడ్డ

"నాకు చిన్నప్పటి సంది దమ్ము ఉన్నది. ఇప్పుడు మూడో నెల. మందు పీలిస్తే కడుపుల బిడ్డకు ఏమన్న అయితదేమోనని బంద్ చేసిన."

ఇటువంటి మాట మన శంషాబాద్ చుట్టుపట్ల ఊళ్ళలో వినబడుతూనే ఉంటుంది. భర్త కూడా "పోనీ, కాన్పు అయినంక వాడుకుందువు తీ" అంటాడు. ఇద్దరి మనసూ మంచిదే. బిడ్డ మీది ప్రేమతోనే అలా చేశారు. కాని చేసిన పని బిడ్డకు మేలు చేయదు. ఎందుకో తెలుసుకొందాం.

ఉబ్బసం అంటే ఏమిటి?

మనం పీల్చే గాలి ఊపిరితిత్తులలోని సన్నని గొట్టాల గుండా పోతుంది. దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు వంటివి తగిలినప్పుడు కొందరిలో ఈ గొట్టాలు వాచి, బిగుసుకుపోయి, కఫంతో నిండుతాయి. అప్పుడు గాలి ఆడక ఆయాసం, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. దీనినే ఉబ్బసం అంటారు. మన వైపు దమ్ము అంటారు. ఇది అంటురోగం కాదు. దీనిని మందులతో అదుపులో ఉంచుకోవచ్చును. ఉబ్బసం ఉన్న స్త్రీ నిశ్చింతగా తల్లి కావచ్చును.

మందు మానితే ఏమవుతుంది?

కడుపులోని బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోదు. తల్లి పీల్చిన ప్రాణవాయువే రక్తంలో కలిసి బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరుతుంది. తల్లికి గాలి ఆడకపోతే బిడ్డకూ తక్కువే అందుతుంది. ఉబ్బసం అదుపు తప్పిన గర్భిణులలో నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, తల్లికి బి.పి. పెరిగి గుర్రపువాతానికి దారితీయడం ఎక్కువగా జరుగుతాయి. కనుక బిడ్డకు మందు వలన కలిగే భయం కన్నా, మందు మానడం వలన కలిగే అపాయమే పెద్దది.

గర్భిణులలో సుమారు మూడోవంతు మందికి ఉబ్బసం తగ్గుతుంది. మూడోవంతు మందికి ఎప్పటిలాగే ఉంటుంది. మిగిలిన వారికి పెరుగుతుంది. ముఖ్యంగా ఆరో నెల దాటిన తరువాత జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇది మామూలు ఆయాసమేనా?

కడుపు పెరిగేకొద్దీ కొద్దిపాటి ఆయాసం అందరికీ వస్తుంది. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది. అయితే పిల్లికూతలు, ఛాతీ బిగపట్టడం, తెల్లవారుజామున దగ్గుతో మెలకువ రావడం ఉబ్బసపు గుర్తులు. "కడుపుతో ఉంటే గంతే" అని ఊరుకోకండి. ఆరోగ్య కేంద్రంలో చూపించుకొనండి. రక్తం పరీక్ష కూడా చేయించుకొనండి.

మందులు ఎలా వాడాలి?

ఉబ్బసానికి పీల్చే మందు, అంటే ఇన్‌హేలర్, శ్రేష్ఠము. మాత్రలా ఒళ్ళంతా తిరగక, కొద్ది మోతాదు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇవి రెండు రకాలు. సాల్బుటమాల్ వెంటనే ఉపశమనమిస్తుంది. బ్యుడెసోనైడ్ వంటివి గొట్టాల వాపును తగ్గించి ఆయాసం రాకుండా కాపాడతాయి. వీటిని రోజూ వాడాలి. ఈ రెండింటినీ గర్భిణులు డాక్టరు సలహాతో వాడవచ్చును. "స్టిరాయిడు" అనే మాట విని బెదిరిపోకండి.

పీల్చే పద్ధతి ఇది: డబ్బాను బాగా కుదపండి. ఊపిరి పూర్తిగా వదలండి. మూతిని పెదవులతో బిగించి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చండి. పది అంకెలు లెక్కపెట్టే వరకు ఊపిరి బిగపట్టండి. స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే ఇంకా సులువు. రోజూ వాడే మందు పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి.

పేరు తెలియని పొడులు, పొట్లాలు మింగకండి. ఒకరి మందు మరొకరు వాడకండి.

మన ఊరి దుమ్ము, మన ఇంటి పొగ

2008లో ఇక్కడ విమానాశ్రయం తెరిచారు. ఆపైన రోడ్లు, వెంచర్లు, భవనాలు పెరిగాయి. పనులు జరిగేచోట సిమెంటు దుమ్ము, ఇసుక లారీల దుమ్ము లేస్తాయి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ మొక్క పెరుగుతుంది. దాని పుప్పొడి కొందరికి పడదు. కూలికి పోయే గర్భిణి దుమ్ము లేచే పనికి దూరంగా ఉండాలి. తప్పనిసరైతే ముక్కు, నోరు కప్పుకోవాలి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకించాలి. ఆ పని ఆమె చేయరాదు.

ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే గ్యాసు మీద వండుకోండి. వీలు కాకపోతే పొయ్యిని బయట పెట్టండి. దోమల చుట్టకు బదులు దోమతెర కట్టండి. సాంబ్రాణి పొగ, కల్లంలో ధాన్యం దుమ్ము ఆమెకు తగలనీయకండి. భర్తలకు ఒక మాట: మీరు ఇంట్లో కాల్చే బీడీ పొగ మీ బిడ్డ దాకా పోతుంది. ఈ కాన్పుతోనే దానికి స్వస్తి చెప్పండి.

చేపమందు సంగతి

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం వారు కొర్రమీను పిల్ల నోట మందు పెట్టి మింగిస్తారని మీకు తెలుసు. ఎందరికో అది నమ్మకం. కాని దానితో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. గర్భిణి దానికి పోకపోవడమే మంచిది. ఆ జనంలో గంటల తరబడి నిలబడడమే ఆమెకు కష్టం. అత్తమ్మలు, పెద్దవారు బలవంతం చేయవద్దు. ఎవరు ఏమి చెప్పినా ఇన్‌హేలర్ మాత్రం ఆపవద్దు.

ఆలస్యం చేయకూడని వేళ

ఆయాసం ఎక్కువైతే ఆమెను పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, సాల్బుటమాల్ ఒక్కొక్క పీల్పు చొప్పున నాలుగు పీల్పుల వరకు ఇవ్వండి. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా మందు మళ్ళీ పీల్పించవచ్చు.

ఈ గుర్తులుంటే నిమిషం కూడా ఆగకండి:

— ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం
— పెదవులు, గోళ్ళు నీలంగా మారడం
— మగతగా ఉండడం
— బిడ్డ కదలిక తగ్గడం

కాన్పు వేళ

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. ఆనాడే ఉబ్బసం సంగతి చెప్పి కార్డుమీద రాయించుకొనండి. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. ఇన్‌హేలర్ సంచిలో పెట్టుకొని వెళ్ళండి, నొప్పుల సమయంలోనూ వాడవచ్చు. రక్తస్రావం ఆపడానికి, బి.పి. తగ్గడానికి ఇచ్చే కొన్ని మందులు ఉబ్బసాన్ని పెంచుతాయి. అందుకే డాక్టరుకు, సిస్టరుకు ముందే చెప్పాలి. కాన్పు తరువాత ఇన్‌హేలర్ వాడుతూనే బిడ్డకు చనుబాలు ఇవ్వండి.

మళ్ళీ బిడ్డ ఎప్పుడు?

తల్లి ఒళ్ళు కోలుకోవాలి, ఉబ్బసం అదుపులోకి రావాలి. అందుకు కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ళ ఎడం ఉంచండి. ఉబ్బసం ఉన్నవారు కూడా నిరోధ్, కాపర్-టి వాడవచ్చును. మాత్రల విషయం డాక్టరును అడగండి. కాపర్-టిని కాన్పు అయిన 48 గంటలలోపే వేయించుకోవచ్చు.

ఇక పిల్లలు చాలనుకుంటే, ఆయాసపడే భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించే ముందు భర్త ఆలోచించాలి. మగవారికి కోత, కుట్టు లేని వేసెక్టమీ ఉంది. మత్తు ఆ చోటికే ఇస్తారు, అదేరోజు ఇంటికి రావచ్చు. మగతనం తగ్గదు. ఆ తరువాత మూడు నెలలు, పరీక్షలో సరే అనేవరకు, నిరోధ్ వాడాలి.

దంపతులారా! సందేహమేదైనా ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తనో, సిస్టరునో అడగండి. ఈ కాగితాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. తల్లి హాయిగా ఊపిరి పీలిస్తే, బిడ్డ హాయిగా పెరుగుతుంది.