సీట్లు యాభై.. పిల్లలెందరు?
పాఠశాల బస్సుల్లో కిక్కిరిసిన ప్రయాణం
లెక్క అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది

గంగవరం: పిల్లలను పట్టణంలోని పాఠశాలకు పంపే తల్లిదండ్రులు బస్సు రుసుము ఎంత, ఎన్ని గంటలకు వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్న వివరాలను ముందే అడిగి తెలుసుకుంటారు. బస్సులో సీట్లు ఎన్ని, అందులో ఎక్కే పిల్లలు ఎందరు అని అడిగేవారు మాత్రం అరుదు. ప్రమాదం జరిగిన రోజున అన్నిటికన్నా ముందు లెక్కకు వచ్చేవి ఈ రెండు అంకెలే.

గంగవరం మండలం పలమనేరు పట్టణానికి ఆనుకుని ఉంది. కీలపట్ల, పత్తికొండ, గండ్రాజుపల్లె తదితర గ్రామాల వారికి ప్రైవేటు చదువులకు పలమనేరే దగ్గరి పట్టణం. పాడి, కూరగాయల సాగు, పట్టుపురుగుల పెంపకంపై ఆధారపడిన కుటుంబాల్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. పాలు కేంద్రానికి చేర్చాలి, మల్బరీ ఆకు కోయాలి, టమోటా కోతకు వెళ్లాలి. రోజూ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి బడిలో దింపే తీరిక వారికి ఉండదు. ఇంటి సమీపానికి వచ్చే పసుపు బస్సే వారికి ఆధారం. ఆ ఆధారపడటమే రద్దీ గురించి ప్రశ్నించడానికి వారిని వెనుకాడేలా చేస్తోంది.

రద్దీ ఎక్కడ మొదలవుతుంది?

బస్సు సాధారణంగా దూరపు పల్లె నుంచి బయలుదేరుతుంది. అక్కడ ఎక్కే పిల్లలు కొందరే కావడంతో సీట్లు ఖాళీగా కనిపిస్తాయి. ఊరూరా ఆగుతూ వచ్చేసరికి సీట్లు నిండుతాయి. తరువాత ఎక్కినవారు ఒకే సీటులో ముగ్గురు నలుగురు సర్దుకోవాలి, లేదా నిలబడాలి. అంటే మొదటి ఊరి తల్లిదండ్రులకు రద్దీ కంటబడదు. సాయంత్రం బస్సు తిరిగి వచ్చేసరికి సగం మంది దిగిపోయి ఉంటారు గనుక అప్పుడూ తెలియదు. బస్సు పూర్తిగా నిండేది పట్టణానికి చేరువయ్యే చివరి కొద్ది కిలోమీటర్లలోనే. వాహనాల రాకపోకలు అధికంగా ఉండేదీ అక్కడే. చిత్తూరు నుంచి ముల్బాగల్ వైపు వెళ్లే జాతీయ రహదారి పలమనేరు మీదుగానే సాగుతుంది. ఇదే రహదారిపై మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరు 13న ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు మృతి చెందారు.

రద్దీ వెనుక ఖర్చుల లెక్క కూడా ఉంది. డీజిలు, డ్రైవరు జీతం, పన్ను, బీమా.. ఇవన్నీ బస్సుకు అయ్యే ఖర్చులు. పది మందిని అదనంగా ఎక్కించుకున్నా ఇవి పెద్దగా పెరగవు, రుసుములు మాత్రం పెరుగుతాయి. రెండో బస్సు కొనాలన్నా, ఉన్న బస్సునే రెండో విడత తిప్పాలన్నా ఖర్చు తప్పదు. రెండో విడత నడిపితే మొదటి విడత పిల్లలు మరింత ముందుగా బయలుదేరాలి. దీనికి తల్లిదండ్రులు సైతం ఇష్టపడరు.

చట్టం ఏం చెబుతోంది?

రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన సీట్ల సంఖ్యే బస్సు సామర్థ్యం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194ఏ సెక్షన్ ప్రకారం, రవాణా వాహనంలో అనుమతికి మించి ఎక్కించుకున్న ఒక్కో ప్రయాణికుడికి రూ.200 చొప్పున జరిమానా ఉంటుంది. 50 సీట్ల బస్సులో 70 మంది ఉంటే జరిమానా రూ.4 వేలు. అంతేకాదు, అదనంగా ఉన్నవారిని దించి, వారికి వేరే వాహనం ఏర్పాటు చేసేవరకు బస్సును కదలనివ్వకూడదు.

పాఠశాల బస్సులో పిల్లలను చూసుకునేందుకు అర్హత గల సహాయకుడు ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లోనూ విద్యాసంస్థల బస్సులకు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. డ్రైవరు వయసు 60 ఏళ్లు మించరాదు. ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే పరికరం ఉండాలి. తల్లిదండ్రుల కమిటీ నెలకోసారి బస్సును పరిశీలించాలి. ఈ చివరి నియమం చాలామందికి తెలియదు.

బీమాకూ హద్దు ఉంది

పరిమితికి మించి ఎక్కించుకుంటే నష్టపరిహారం పొందడంలోనూ చిక్కులు తప్పవు. హిమాచల్‌ప్రదేశ్‌లో 42 మందికి అనుమతి ఉన్న బస్సు 90 మందితో ప్రమాదానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 2007లో తీర్పు చెప్పింది. బీమా సంస్థ బాధ్యత 42 మందికే పరిమితమని స్పష్టం చేసింది. పరిహారాల్లో పెద్దవైన 42 మొత్తాలను సంస్థ చెల్లిస్తే, దాన్ని బాధితులందరికీ దామాషా ప్రకారం పంచాలి. మిగతా సొమ్మును బస్సు యజమాని నుంచి రాబట్టుకోవాలి. అంటే అదనంగా ఎక్కినవారితోపాటు సీటులో కూర్చున్నవారి కుటుంబాలకు కూడా బీమా సంస్థ నుంచి అందే మొత్తం తగ్గిపోతుంది.

నిలబడితే ఏమవుతుంది?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఇది దాదాపు 17 మీటర్లు. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేస్తే బస్సు ఆగుతుంది గానీ, లోపల నిలబడిన పిల్లవాడు అదే వేగంతో ముందుకు పడతాడు. పై కడ్డీ చిన్నపిల్లల చేతికి అందదు. వీపున పుస్తకాల సంచి ఉంటే నిలదొక్కుకోవడం మరీ కష్టం. నడవలో పిల్లలు, సంచులు నిండిపోతే అత్యవసర ద్వారం వద్దకు చేరడం అసాధ్యమవుతుంది. అద్దాల్లో వెనుక భాగం కనిపించక డ్రైవరుకూ ఇబ్బందే.

బస్సులో దింపి ఆటోలో ఎక్కిస్తే..

తనిఖీలు జరిగినప్పుడు అదనపు పిల్లలను బస్సు దించితే సమస్య తీరినట్లు కాదు. ముగ్గురు ప్రయాణికులు పట్టే ఆటోలో పదిమందిని కుక్కి, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి తీసుకెళితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందువల్ల బస్సుల తనిఖీతోపాటు ప్రత్యామ్నాయమూ చూపాలి. బడి వేళలకు తగినట్లు పల్లెవెలుగు బస్సులు నడపడం ఒక మార్గం. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి రావడంతో బాలికలకు ఈ బస్సులు మరింత అందుబాటులోకి వచ్చాయి. అయితే ఉదయం వేళ రద్దీకి తగినన్ని బస్సులు ఉంటేనే ఆ ప్రయోజనం దక్కుతుంది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* బస్సు సీట్ల సంఖ్య, ఆ మార్గంలో ప్రయాణించే పిల్లల జాబితా ఇవ్వమని ప్రవేశాల సమయంలోనే యాజమాన్యాన్ని కోరాలి.
* తమ ఊరి వద్ద కాకుండా పాఠశాల గేటు వద్ద, బస్సు నుంచి దిగే పిల్లలను నెలకోసారైనా లెక్కించాలి.
* వేసవి సెలవుల తరువాత బస్సుకు సామర్థ్య పరీక్ష జరిగిందో లేదో పత్రం చూసి నిర్ధారించుకోవాలి.
* ఫిర్యాదు ఒక్కరు చేస్తే తమ బిడ్డను ఇబ్బంది పెడతారన్న భయం ఉంటుంది. అందుకే ఒకే బస్సులో వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కలిసి సంతకాలతో యాజమాన్యానికి, స్పందన లేకుంటే రవాణా, విద్యాశాఖల అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014 జులై 24న కాపలా లేని రైల్వేగేటు వద్ద పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయిన తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడి బస్సుల భద్రతపై చర్చ సాగింది. అలాంటి చర్చకు మరో ప్రమాదం దాకా ఆగనక్కర లేదు. పాఠశాల గేటు వద్ద పది నిమిషాలు నిలబడి పిల్లలను లెక్కపెడితే తమ బిడ్డ ఎక్కే బస్సు పరిస్థితి ఎవరికైనా తెలిసిపోతుంది.