కోకో: దారితప్పిన మాట

కోకోకూ కొబ్బరికీ చుట్టరికమున్నదా అని ఒక విద్యార్థి అడిగాడు. చెట్లకు లేదు; మాటలకు ఉన్నది. కొబ్బరికాయను స్పానిష్, పోర్చుగీసు వారు ‘కోకో’ అన్నారు. ‘కకావో’ అనే వేరొక గింజ పేరును ఆంగ్లేయులు పదునెనిమిదవ శతాబ్దిలో దానితో కలిపివేశారు. ఆ పొరపాటునే మనమూ స్వీకరించాము. గోదావరి సీమలో కొబ్బరితోటల నీడనే ఈ చెట్టును పెంచడం చిత్రమైన యాదృచ్ఛికం!

లిన్నేయస్ మాత్రం 1753లో ‘దేవతల ఆహారం’ అనే అర్థం గల ‘థియోబ్రోమా’ను ముందుంచి, ‘కకావో’ను చెక్కుచెదరకుండా నిలిపాడు.

అసలు మాట ఎంతో ప్రాచీనం. గ్వాటెమాలాలోని రియో అజుల్ సమాధిలో 1984లో దొరికిన మట్టిపాత్రపై మాయా లిపిలో ‘కకావ్’ అని వ్రాసి ఉన్నది. లోపలి మడ్డిని పరీక్షింపగా అక్షరమే నిజమని తేలింది! అయితే ఈ మాట పుట్టిల్లేది? మిహే-సోకే భాషలని 1976లో కాంప్‌బెల్, కౌఫ్‌మన్‌లు వాదించారు. కాదు, అజ్టెకుల నహువాటల్ కుటుంబమేనని 2000లో డేకిన్, విక్‌మన్‌లు ఖండించారు. వివాదం తీరలేదు.

నహువాటల్ వారు వేరుశనగను ‘నేల కకావో’ అన్నారు. దానినుండే స్పానిష్ ‘కకవేటె’ వచ్చింది. మనవారు శనగకు ‘వేరు’ను చేర్చిన పద్ధతీ ఇదే.