తారు రోడ్డుకీ అలసట ఉంటుంది

ద్వారకా నగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకోవడానికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి నడుస్తాం కదా. ఈసారి ఒకసారి తలదించి రోడ్డు చూడండి. చక్రాలు పడే దారిలో ఎక్కడైనా మొసలి చర్మంలా బీటలు కనిపిస్తే, ఎండకు పగిలిందిలే అనుకుంటాం. ఈ చదువులోకి వచ్చేదాకా మేమూ అలాగే అనుకున్నాం. చాలా రోడ్లలో ఆ బీట పుట్టేది పైన కాదు, తారు పొర అడుగున.

చక్రం పడగానే తారు పొర కంటికి కనబడనంత కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. చక్రం దాటగానే మళ్ళీ మామూలే. కానీ ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగిపోదూ? లక్షల చక్రాలు దాటాక తారు అడుగునా అలాగే సన్నని బీట పడుతుంది. దీన్నే 'ఫెటీగ్' అంటారు.

ఆ బీట ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని పారిస్, ఎర్డోగన్ అనే ఇద్దరు 1963లో వివరంగా ప్రచురించారు. అది లోహాల కోసం పుట్టినది, తరువాత తారుకీ పనికొచ్చింది. బీట పొడవయ్యేకొద్దీ దాని కొస దగ్గర ఒత్తిడి ఎక్కువవుతుంది. కాబట్టి మొదట నత్తలా పాకి, చివర్లో పరుగెడుతుంది. మన కంటికి కనబడేసరికి సగం పైన కథ అయిపోయి ఉంటుంది.

మన దేశంలో రోడ్డు మందం నిర్ణయించేది ఐ.ఆర్.సి. 37 అనే మార్గదర్శి. 2018 నాటి ప్రతిలోని సూత్రం ప్రకారం అడుగున సాగుడు 20 శాతం పెరిగితే రోడ్డు మోయగల చక్రాల సంఖ్య సగానికి పడిపోతుంది. రేవు నుంచి బొగ్గు లారీ పరిమితికి మించి మోసుకొస్తే జరిగేది ఇదే. బస్సు ఆగే చోటా ప్రమాదమే. నెమ్మదిగా కదిలే బరువు కింద, అందులోనూ మే నెల ఎండలో, తారు మెత్తబడి ఎక్కువ సాగుతుంది.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది మాత్రం రోలరు లెక్క. అదే సూత్రంలో తారు పాలు 11.5 శాతం దగ్గర ఉంచి, గాలి ఖాళీలను 3.5 నుంచి 7 శాతానికి పెంచి చూశాం. ఆయుష్షు అయిదో వంతుకు దిగిపోయింది! వేడి చల్లారాక రోలరు ఎన్నిసార్లు తిప్పినా ఆ ఖాళీలు సరిగా పూడవు. తారు పనికి వెళ్ళే మన ఇళ్ళలోని పెద్దలు "వేడి మీదే తొక్కించాలి" అనేది ఇందుకే. వాళ్ళకు ఈ సూత్రం తెలియదు, అంతే.

ఇక బీట పైకి తేలిందంటే వాన నీరు దిగుతుంది. కింది మట్టి మెత్తబడుతుంది, తారు ఇంకా వంగుతుంది, బీట ఇంకా పెరుగుతుంది. ముక్కలు లేచిపోయి గొయ్యి పడుతుంది. రాత్రిపూట, నీళ్ళు నిండిన ఆ గొయ్యి స్కూటరు నడిపేవాడికి కనబడదు. సన్నగా ఉన్నప్పుడే, తొలకరికి ముందే, బీటలో తారు పోసి మూయాలి.